పదో పేరు

నా పేరు తవిటినాయుడు. ఫ్లెక్సీల మీద మాత్రం త్రివిక్రమ్ జీ. ఆ రెండో పేరు నాకు నేనే పెట్టుకున్నాను. ధర్మదండు అనే సంస్థకి మా మండలం కన్వీనర్ని అయిన రోజున, తవుడు పేరుతో ధర్మాన్ని కాపాడ్డం కష్టమని తోచింది. గజపతినగరంలో ఫ్లెక్సీలు వేసే తిరుమలరావు నా కుడిభుజం. ఎడమభుజానికి మనిషి దొరకలేదు. మండలం మొత్తం మీద మా దండులో పదకొండు మందిమి. మీటింగు పెడితే నలుగురొచ్చేవారు, ఇడ్లీ పెడితే ఏడుగురొచ్చేవారు. మా ఊరు నీలివలసలో అయితే దండంటే నేనూ, నా మోటారుసైకిలూ.

‘వివాదాలకు కేంద్రబిందువు’ అని ఒకసారి ఒక పేపరు జిల్లా పేజీలో నా ఫోటో వేసి రాశారు. ఆ ముక్క కత్తిరించి లామినేషన్ చేయించి గోడకి కొట్టాను. మా అమ్మ లక్ష్మణమ్మకి చదువు రాదు. ఫోటో చూసి, “ఏటిరా, పోలీసులు నీ కోసం ఎతుకుతన్నారా?” అని అడిగింది. గొప్పతనం అర్థం చేసుకునే ఇల్లు కాదు మాది.

ఆ వివాదాలేమిటో నేనే చెప్పేస్తాను. ఇంకొకరు చెప్తే మరీ అన్యాయంగా ఉంటుంది. 2013లో ప్రేమికుల రోజున బొబ్బిలి కోట దగ్గర ఒక జంటని పట్టుకున్నాం. పసుపుతాడు నా జేబులో సిద్ధంగా ఉంది. ఇక్కడే పెళ్లి చేసుకుంటారా, ఇంటికి ఫోన్ చెయ్యమంటారా అని గర్జించాను. ఆవిడ తాపీగా కొంగు పక్కకి జరిపి పుస్తెలు చూపించింది. “పదకొండేల్లయినాది మాకు పెల్లయి. ఈ మడిసి నన్ను బయటికి తీసుకొచ్చింది ఈయాలే. అదీ నీ కల్లల్లో పడ్డాది,” అంది. ఆయన మాత్రం, ఇంటికెళ్లిపోమంటారా బాబూ అని నన్ను చాలా ఆశగా అడిగాడు.

మరుసటేడు గోరక్షణ. మానాపురం సంత నుంచి పశువుల వ్యాను వస్తోందని కబురొస్తే రోడ్డుకి అడ్డంగా పడుకున్నాం. వ్యానులో రెండు ఎడ్లూ, వాటి మధ్య మా మేనమామా ఉన్నారు. “ఒరే తవుడూ, నాను అమ్మితే గదరా ఎవుడైనా కోసేది. బేరం కుదరక ఇంటికే తోలుకుపోతన్నాను. లెగిసి ఎడ్లకి నీల్లెట్టు,” అన్నాడు. పెట్టాను. ‘గోసేవలో త్రివిక్రమ్ జీ’ అని తిరుమలరావు ఫేస్‌బుక్‌లో పెడితే మూడొందల లైకులొచ్చాయి.

ఇంతవరకూ నవ్వుకునే సంగతులు. నవ్వు రానివీ ఉన్నాయి. రైలు గేటు అవతల రేకుల షెడ్డులో పాతిక కుటుంబాలవాళ్లు ప్రార్థన చేసుకునేవారు. పర్మిషన్ లేదని పదహారు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అప్పుడు ప్రతి ఆదివారం ఆ షెడ్డు ముందు మైకు కట్టి, వాళ్లు ఖాళీ చేసేదాకా వదల్లేదు. చివరి రోజున ఒకావిడ పిల్లని ఎత్తుకుని, తల దించుకుని నా ముందు నుంచే నడిచిపోయింది. నాకు సంతోషం వేసింది. ఇప్పుడు సిగ్గు పడుతున్నాను కదా అని అప్పుడు పడ్డానని చెప్పను, చాలా సంతోషం వేసింది.

ఇక ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ముక్క ఒకటుంది. నేను తవుడుకి అమ్ముడుపోయిన బిడ్డని.

నాకు ముందు మా అమ్మకి ముగ్గురు పుట్టి పోయారు. అలా పిల్లలు నిలవని ఇంట్లో, పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి, పిల్లలు బతికి బట్టకట్టిన ఇంకో ఆడమనిషికి అమ్మేస్తారు. ఆవిడ చేరెడు తవుడిచ్చి కొనుక్కుంటుంది. ఆ పూట నుంచి బిడ్డ ఆవిడ సొత్తు, కన్నతల్లి ఊరికే పెంచిపెడుతున్నట్టు లెక్క. మా జిల్లాల్లో ఇంతమంది తవిటయ్యలూ తవిటమ్మలూ ఉన్నారంటే కారణం ఇదే. నన్ను కొన్న మనిషి ఏసమ్మ. మా పొలంలో పనికొచ్చేది. ఊరికి ఉత్తరాన బాప్టిస్టు చర్చి ఉన్న ఎస్సీ పేట వాళ్లది. అప్పటికి ఆవిడకి ముగ్గురు పిల్లలు, ముగ్గురూ గుండ్రాళ్లలా ఉండేవారట. నాకు అయిదేళ్లప్పుడు నాలుగోది పుట్టింది. దాని పేరు రూబీ.

కొన్న తల్లి ఏటేటా బిడ్డకి కొత్తబట్ట పెట్టాలి. ఏసమ్మ క్రిస్మస్‌కి పెట్టేది. దండులో చేరేదాకా ఏ ఏడూ తప్పలేదు. ఆ చొక్కా తొడుక్కుని ఆవిడ పక్కన చర్చిలో కూర్చుని, చివర్లో పంచే బూందీ పొట్లం కోసం ప్రార్థనంతా ఓపిక పట్టేవాణ్ని. కొన్నమ్మా అని పిలిచేవాణ్ని. తిరుమలరావుకి ఇదేదీ తెలీదు. మా ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే దండు మీటింగు మా ఊళ్లో ఎప్పుడూ పెట్టనివ్వలేదు.

2017లో విజయనగరంలో పెద్ద సమావేశం జరిగింది. పైనుంచి వచ్చిన పెద్దాయన ఒక పని చెప్పాడు. ఎస్సీలు చర్చిలో కలిస్తే కాగితాల్లో బీసీ–సి అయిపోతారు కదా. అలా కలిసి కూడా ఎస్సీ సర్టిఫికెట్టు మీద సర్కారు ఉద్యోగం చేసుకుంటున్న వాళ్ల పేర్లు కావాలి, మండలానికి పది. ఎవరు ముందు అర్జీ పెడితే వాళ్లే జిల్లా కన్వీనరు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, సొంత ఊళ్లో మీటింగు పెట్టలేని వాణ్ని జిల్లాని ఏలాలనుకున్నాను.

తొమ్మిది పేర్లు తిరుమలరావు పట్టుకొచ్చాడు. ఎక్కడి నుంచని నేనడగలేదు. పదోది దొరకలేదు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఆ పొద్దున పది అనే అంకె పక్కన ఖాళీని చూస్తూ చాలాసేపు కూర్చుని, చివరికి రాసేశాను. రూబీ, ఏఎన్ఎం, పక్క ఊరి సబ్‌సెంటరు. బాప్తిస్మం ఏ నెలలో, ఏ గెడ్డ నీళ్లలో, ఏ పాస్టరు ఇచ్చాడో అన్నీ రాశాను. మిగతా తొమ్మిదింటికీ ‘విశ్వసనీయ సమాచారం’ అని రాశాం గానీ, ఈ ఒక్కదానికీ సాక్ష్యాలు అరపేజీ వచ్చాయి. ఎందుకు రావు, ఆ రోజు భోజనాల బంతిలో సాంబారు వడ్డించింది నేనే.

తప్పని తెలీదా అంటే తెలుసు. కానీ అప్పటికి నేను పెట్టిన అర్జీలు నూట నలభై. ఒక్కటి కదిలిన పాపాన పోలేదు. ఇదీ అంతేలే, కన్వీనరు పదవి వస్తుంది, కాగితం బీరువాలో పడుంటుంది, రూబీకి వచ్చే నష్టమేముంది అనుకున్నాను. నా చేతకానితనం మీద నాకు అంత నమ్మకం.

ఆరు నెలల తర్వాత, పదవి కంటే ముందు ఎంక్వయిరీ వచ్చింది. పదిమందిలో ఇద్దరు అప్పటికే చచ్చిపోయారు. ముగ్గురికి ఏనాటి నుంచో బీసీ–సి సర్టిఫికెట్టే ఉంది. ఒకాయన రిటైరయ్యాడు. ఇద్దరి ఆచూకీ లేదు. తొమ్మిదో అతను ఏటా రథసప్తమికి అరసవల్లి వెళ్లి గుండు చేయించుకునే భక్తుడు. చర్చి పక్కనున్న టైలరు దగ్గర ప్యాంట్లు కుట్టించుకోవడం తప్ప ఆయన చేసిన నేరం లేదు. తొమ్మిదీ పోయి, నా చేత్తో నేను రాసిన పదో పేరు ఒక్కటే మిగిలింది. రూబీకి నోటీసు అందింది. శుక్రవారం మా ఊరి బళ్లో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు కూర్చుని అందరి వాంగ్మూలాలూ తీసుకుంటారని అందులో ఉంది.

కబురు తెలిసిన రోజు నుంచి మా అమ్మ నాతో మాట మానేసింది. గురువారం పొద్దున మాత్రం అన్నం కంచం నా ముందు ఠప్పున పెట్టి, “నిన్ను బతికించినందుకు దాని కూతురు కూడు తీసేస్తన్నావు. నాకు ముగ్గురు పోనారు. నాలుగోడు కూడా పోయినాడనుకుంటాను,” అంది. కంచం పక్కకి జరిపాను. లేచి పేటకి వెళ్లాను.

పన్నెండేళ్ల తర్వాత ఆ ఇంటి గడప ఎక్కడం. ఏసమ్మ అరుగు మీద చోళ్లు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపింది గానీ కింద పెట్టలేదు.

“కూకో,” అంది. “ఎండనపడి వొచ్చినావు.”

నేను కూర్చోలేదు. “కొన్నమ్మా, రేపు ఆర్ఐ వస్తాడు. మేం హిందువులవేనని సెప్పీ. సంతకమెట్టీ. అంతే,” అన్నాను.

ధర్మదండు కన్వీనరు ఒక క్రైస్తవురాలి కాళ్లావేళ్లా పడి హిందువునని అబద్ధం చెప్పమనడం నా రాజకీయ జీవితంలో అదే మొదటిసారి.

“నువ్వు రాసింది అబద్దమా?” అని అడిగింది.

“నిజవే.”

“నిజం రాసీసి, నన్ను అబద్దమాడమంటావేటిరా?”

లోపల్నుంచి రూబీ వచ్చింది. డ్యూటీకి వెళ్లే చీరలో ఉంది. నా వైపు చూడలేదు. “అమ్మా, ఆడి కోసం కాదు, నా కోసం సెప్పు. నాకిద్దరు పిల్లలు. మీ అల్లుడికి సెంట్రింగు పని, వారంలో మూడ్రోజులుంటాది, నాలుగ్రోజులు నేదు. దేవుడికి మన పరిస్థితి తెలవదా?” అంది.

ఏసమ్మ చేట ఎత్తి మళ్లీ రెండుసార్లు చెరిగింది. తర్వాత, “సర్లే. సెప్తాను,” అంది. ఆ మాట అంటున్నప్పుడు ముసిలిదాని మొహం చూడలేక నేను వచ్చేశాను.

రూబీ రోడ్డు దాకా నా వెనకే వచ్చింది. “మరి నువ్వేటి సెప్తావు?” అని అడిగింది.

“నాకేటీ తెలవదని సెప్తాను.”

“అంతే సెప్పు. ఎక్కువ మాటాడకు. నీకు నోరు ఆగదు,” అంది.

శుక్రవారం బడి వరండాలో కుర్చీలు వేశారు. ఆర్ఐ గారు నడివయసు మనిషి. జలుబు చేసి ముక్కు చీదుకుంటూ, ఇది త్వరగా తేల్చుకుని పోదామన్నట్టు ఉన్నారు. తిరుమలరావు నన్నడక్కుండానే వచ్చి, స్తంభం పక్కన నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. ఊరు సగం అక్కడే ఉంది. మా అమ్మ వచ్చి ఏసమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

ముందు నన్ను పిలిచారు. “ఈ అమ్మాయి బాప్తిస్మం తీసుకున్నట్టు మీకెలా తెలుసు? స్వయంగా చూశారా?” అని అడిగారు.

“లేదు సార్. ఎవరో చెప్తే రాశాను.”

తిరుమలరావు ఫోన్ వెనక నుంచి తల బయటికి పెట్టాడు. “జీ, ఏటిది?” అన్నాడు. నేను వినిపించుకోలేదు. నా బతుక్కి అది మొదటి ధైర్యం, దాని రుచి అప్పుడే తెలుస్తోంది. ఆర్ఐ గారి మొహం కూడా తేలికపడింది. సాక్ష్యం లేదు అని రాసుకుంటూ, అలవాటుగా ఇంకో ప్రశ్న వేశారు. “ఈ కుటుంబంతో మీకు పరిచయం ఉందా?”

ఉంది, ఒకే ఊరివాళ్లం అంటే సరిపోయేది. చిన్నపిల్లాడు కూడా అంతే అంటాడు. కానీ మైకులు పట్టుకుని పట్టుకుని నాకో రోగం పట్టుకుంది, మాట మొదలుపెడితే గట్టిగా చెప్పాలి. పైగా ఎదురుగా ఫోన్ ఉంది.

“లేదు సార్. వీళ్లెవరో నాకు తెలీదు. ఆ ముసలావిడని ఎప్పుడూ చూడలేదు. వాళ్ల గడప తొక్కిన వాణ్ని కాదు,” అన్నాను.

రూబీ కళ్లు మూసుకుంది. ఏసమ్మ నేల మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచింది.

“ఏటన్నావురా?” అంది.

ఆర్ఐ గారు, “అమ్మా, మీ వంతు వస్తుంది, కూర్చో,” అన్నారు.

“కూకోను బాబూ. రాసుకో. ఈడు నా కొడుకు. దీనికి ముగ్గురు పోతే, నాలుగోడు ఈడు. నా సేత్తో తవుడిచ్చి కొన్నాను. పదిమందిలో కొన్నాను. ఇదిగో, ఈడి తల్లి. అడుగు.” మా అమ్మ తల ఊపింది. ఏసమ్మ నా వైపు తిరిగింది. “గడప తొక్కనేదా నువ్వు? నీకు అమ్మోరు పోస్తే పదకొండు రోజులు నా ఇంట్లోనే పడుకున్నావు. నీ పిల్లలు బతికినారు గదే, ఈడు కూడా నీ ఇంట్లో ఉంటే బతుకుతాడని మీయమ్మ తెచ్చి పడీసినాది. నా కూతురికి పాలు ఆపి నీకు పట్టినాను. ఏటేటా బట్టలెట్టినాను. నానెవలో తెలవదా నీకు?”

నాకు ఏడుపొచ్చింది. నేనెవర్ని ఏడవడానికి అని కూడా అనిపించింది.

ఆర్ఐ గారు జేబురుమాలు తీసుకుని ముక్కు తుడుచుకున్నారు. ఆవిణ్ని చల్లబరచడానికే కాబోలు, “సరేనమ్మా. బట్టలెప్పుడు పెట్టేదానివి, దసరాకా?” అన్నారు.

“కిస్మస్‌కి బాబూ,” అంది ఏసమ్మ.

పెన్ను ఆగింది. ఆర్ఐ గారు మంచివారే. తల ఎత్తకుండా, “దసరాకి కదూ?” అని మళ్లీ అడిగారు.

“దసరాకి మాకేటి సంబంధం? కిస్మస్‌కే. గుడికి తీసుకెల్లి, పాస్టరయ్య కాడ పార్దన సేయించి, కొత్త సొక్కా తొడిగేదాన్ని. ఈడు ముందు వరసలో కూకునేవోడు. అడుగు, పేటలో ఎవుల్నైనా అడుగు.”

ఆవిడకి అప్పుడు కూడా తెలీదు ఏం చెప్పేసిందో. నన్ను కొడుకని నిరూపించుకునే పనిలో ఉంది. తిరుమలరావు ఫోన్ అంతా పట్టుకుంటోంది. ఆర్ఐ గారు ఆ ఫోన్ని ఒకసారి చూసి, నన్ను ఒకసారి చూసి, కాగితం మీదకి వంగి రాయడం మొదలుపెట్టారు. చదివి వినిపించాక ఏసమ్మకి తెలిసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“సంతకమెట్టు అమ్మా,” అంది రూబీ. “సెప్పింది నిజవే గదా.”

జనం విడిపోయాక రూబీ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. “నా ఉజ్జోగం కోసం నిన్న ఏసునే ఒదులుకుంటానన్నాది మాయమ్మ. ఈయాల నిన్ను ఒదులుకోనేకపోయినాది,” అని, నీడలో పెట్టుకున్న టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని డ్యూటీకి నడిచి వెళ్లిపోయింది.

సాయంత్రానికి వీడియో జిల్లా అంతా తిరిగింది. బొబ్బిలి నుంచి ఫోన్, పార్వతీపురం నుంచి ఫోన్. త్రివిక్రమ్ జీ అసలు మతమేంటి అని చర్చ పెట్టారు. వారంలో నన్ను దండు నుంచి తీసేశారు, తిరుమలరావు జిల్లా కన్వీనరయ్యాడు. వాడి షాపులో వాడే వేసుకున్న ఫ్లెక్సీలో, సాధించిన విజయాల కింద మొదటిది నా అర్జీయే.

నేను విజయనగరం వెళ్లి ఆ అర్జీ వెనక్కి తీసుకుంటానని కాగితం పెట్టాను. నా నూట నలభై రెండో అర్జీ అది. ఒకసారి విచారణ మొదలయ్యాక అర్జీదారుడు వద్దన్నా ఆగదని గుమస్తా చెప్పాడు. మూడు సోమవారాలు వెళ్లాను. మూడోసారి ఆయన నన్ను గుర్తుపట్టి, కుర్చీ చూపించి టీ ఇప్పించాడు. జాలిపడ్డాడో, వీడియో చూశాడో నాకు తెలీదు.

నాలుగు నెలల తర్వాత ఒక బుధవారం వీఆర్వో మా ఇంటికి వచ్చాడు. చేతిలో రెండు కవర్లున్నాయి. రూబీ ఎస్సీ సర్టిఫికెట్టు రద్దు చేస్తూ వచ్చిన ఆర్డరు. చివర్లో ప్రతులు ఎవరెవరికో రాసుంది. ఒకటి రూబీకి, ఒకటి అర్జీదారుకి. ఇన్నేళ్లలో నా అర్జీకి సర్కారు ఇచ్చిన మొదటి జవాబు.

“నాకవతల మీటింగున్నాది. ఆ అమ్మాయి కవరు కూడా నువ్వే ఇచ్చీ తవుడూ. ముట్టినట్టు సంతకం తీసుకో,” అని ఆయన బండెక్కేశాడు. వద్దని అనలేకపోయాను.

సబ్‌సెంటరు ముందు ఆడవాళ్లు పసిపిల్లల్ని వేసుకుని బెంచీల మీద కూర్చున్నారు. బుధవారం టీకాల రోజు. రూబీ నన్ను చూసింది, నా చేతిలో కవరు చూసింది. “కూకో అన్నా. ఇంకా నలుగురున్నారు,” అంది. బెంచీ చివర కూర్చున్నాను. పక్కనావిడ జరిగి చోటిస్తూ, “నీ బిడ్డేదీ?” అని అడిగింది. తల అడ్డంగా ఊపాను.

ఒక్కొక్క పిల్లనీ తీసుకుని, తొడ మీద దూదితో తుడిచి, సూది వేసి, ఏడుపు ఆగేదాకా భుజం తట్టి, కార్డు మీద రాసి తల్లికిచ్చింది. తొందరపడలేదు, ఆలస్యమూ చెయ్యలేదు. రాత్రికి జ్వరమొస్తాది, బయపడకు అని ప్రతి తల్లికీ చెప్పింది. చివరావిడ పిల్లాణ్ని ఎత్తుకుంటూ, “మల్లీసారికి నువ్వే ఉంటావు గదా, ఈడు నీ కాడైతే ఏడవడు,” అంది. “ఎవులో ఒకలుంటారు. టీకా మాత్రం మానీకు,” అంది రూబీ.

ఆవిడ వెళ్లాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. కవరిచ్చాను. విప్పలేదు.

“సంతకం ఎక్కడెట్టాలి?” అని అడిగింది.

చూపించాను.